బిడ్డలు ఇల్లు విడువకుండునట్లు
(కుటుంబ, శిశు సంక్షేమ కౌన్సిలరు పనిని గూర్చిన పాఠము)

చదువవలసిన భాగము: 2 రాజులు 4:1–7
తోడు భాగములు: ఆదికాండము 21:14–20, నిర్గమకాండము 2:1–10, సామెతలు 18:13, యాకోబు 1:27



ఈ నెల మన పాఠ్యభాగము ఏడు వచనములే. బిగ్గరగా చదివినను రెండు నిమిషములు పట్టదు. అయినను మన పల్లెలలోని అనేక గృహముల సంగతి అందులో ఇమిడియున్నది. తండ్రి చనిపోయెను. అప్పు మిగిలెను. ఇంటిలో తల్లియు ఇద్దరు మగబిడ్డలును ఉన్నారు. అప్పిచ్చినవాడు సొమ్మునకు బదులుగా ఆ ఇద్దరిని దాసులుగా తీసికొనిపోవుటకు బయలుదేరియున్నాడు.

చనిపోయినవాడు భక్తిహీనుడు కాడు. అతడు ప్రవక్తల శిష్యులలో ఒకడు. దేవునికి భయపడినవాడని అతని భార్యయే సాక్ష్యమిచ్చినది. గనుక అప్పును చావును విశ్వాసి గుమ్మము దాటి రావని మనము తలంచరాదు. కష్టము వచ్చిన ఇంటిని చూచి, 'వీరి భక్తిలో ఏదో లోపమున్నది' అని గుసగుసలాడుకొనుట అంతకంటె తప్పు.

ఈ భాగమును మనము సాధారణముగా నూనె అద్భుతమును గూర్చి బోధించుటకు వాడుదుము. అది న్యాయమే. ఈసారి మాత్రము ఎలీషా ఆ తల్లితో మాటలాడిన వరుసను గమనింతము. అతడు ఏమి అడిగెను? తరువాత ఏమి చేయుమనెను? దేనిని తాను చేయక ఆమెకే విడిచెను? ఈ వరుసను చక్కగా చూచినయెడల, నేడు కుటుంబ, శిశు సంక్షేమ కౌన్సిలరు చేయు పని మనకు బోధపడును.

ఈ కౌన్సిలరు ఎవరు?

కౌన్సిలరనగానే కొందరికి మునిసిపాలిటీ వార్డు సభ్యుడు జ్ఞాపకము వచ్చును. మేము చెప్పునది ఆయనను గూర్చి కాదు. కష్టములోనున్న బిడ్డను, ఆ బిడ్డ కుటుంబమును దగ్గర కూర్చుండబెట్టుకొని, వారి మాట విని, దారి కనుగొనుటకు తోడ్పడువానిని, లేక తోడ్పడుదానిని, ఆ పేరుతో పిలుచుచున్నారు. ఈయన పోలీసు కాడు, న్యాయాధిపతి కాడు, డబ్బు పంచువాడును కాడు. అయితే పోలీసు స్టేషనుకు, న్యాయస్థానమునకు, ప్రభుత్వ సహాయమునకు పోవలసిన దారులు మూడును ఎరిగినవాడు.

ఈ పనికి తగిన చదువు, అభ్యాసము కలవు. అమెరికాలో మేరీ రిచ్‌మండ్ అను ఆమె బాల్టిమోరు మొదలగు పట్టణములలో బీదల కుటుంబముల మధ్య పనిచేసి, ఒక కుటుంబమునకు సహాయము చేయకముందు దానిని ఎట్లు తెలిసికొనవలెనో 1917లో ఒక గొప్ప గ్రంథముగా ప్రచురించెను. మన దేశములో ఈ విద్య నేర్పు మొదటి పాఠశాల 1936లో బొంబాయిలో టాటావారి ధర్మనిధి సహాయముతో వెలసెను. మిషనెరీగా ఈ దేశమునకు వచ్చి బొంబాయి నాగ్‌పడా పేటలోని బీదల నడుమ సేవచేసిన క్లిఫర్డ్ మాన్షార్ట్ దానికి మొదటి డైరెక్టరు. అదే నేటి టాటా సాంఘిక శాస్త్ర సంస్థ. బిడ్డల సహాయమునకు 1098 అను టెలిఫోను సేవ 1996లో ముంబయిలో పుట్టినదియు ఆ సంస్థ ప్రయత్నముగానే.

నేడు ప్రతి జిల్లాలోను జిల్లా బాలల పరిరక్షణ విభాగమున్నది. అందులో కౌన్సిలరు, సోషలు వర్కరు, పరిరక్షణాధికారి మొదలగువారుందురు. దానితోపాటు బాలల సంక్షేమ సమితి అను ఒక మండలి కలదు. దానిలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులుందురు. వారిలో ఒక్కరైనను స్త్రీ కావలెను. ఆదరణ లేని బిడ్డను గూర్చి ఏమి చేయవలెనో తీర్మానించు అధికారము 2015 నాటి బాలల న్యాయ చట్టము ఆ సమితికిచ్చినది. భార్యాభర్తల వ్యాజ్యెములు విను కుటుంబ న్యాయస్థానములకు సహితము 1984 నాటి చట్టము కౌన్సిలర్లను ఏర్పరచినది. ఇక ఎలీషా వరుసను చూతము.

1. మొదట వినుట

ఆ విధవరాలు మొరపెట్టగానే ఎలీషా, 'నీ భర్త ఎందుకు అప్పు చేసెను?' అని అడుగలేదు. 'నీవు ముందే నాయొద్దకు ఎందుకు రాలేదు?' అని గద్దింపలేదు. నీకొరకు నేనేమి చేయవలెనని అడిగెను. వినకముందే ఉత్తరమిచ్చుట మూఢత్వమని సామెతలు 18:13 మనకు నేర్పుచున్నది. మన పెద్దల కూటములలో తరచుగా తీర్పు ముందు నడచును, వినుట దానివెనుక కుంటుకొనుచు వచ్చును.

కౌన్సిలరు తల్లితో వేరుగాను, తండ్రితో వేరుగాను, బిడ్డతో వేరుగాను మాటలాడును. అందరి ఎదుట కోడలు తన అత్త సంగతి చెప్పలేదు. తండ్రి ఎదుట బిడ్డ తండ్రి సంగతి చెప్పలేదు. బిడ్డతో మాటలాడునప్పుడు ఎత్తయిన కుర్చీమీద కూర్చుండక, బిడ్డ కన్నులకు తన కన్నులు సమముగా నుండునట్లు క్రింద కూర్చుండును. మొదట ఆటలను గూర్చియో బడిని గూర్చియో మాటలాడును. ఒక్కొక్కసారి కాగితము, రంగులు ఇచ్చి బొమ్మ వేయనిచ్చును. 'అతడే గదా కొట్టినది?' అని జవాబును నోటిలో పెట్టడు. 'ఏమి జరిగినదో నీకు తోచినట్లు చెప్పుము' అనును. చెప్పిన తరువాత, 'ఇందులో నీ తప్పు లేదు' అని స్పష్టముగా చెప్పును. బిడ్డలలో అనేకులు ఆ ఒక్క మాట కొరకే ఎదురుచూచుచుందురు.

బిడ్డలు తమ బాధను నోటితో చెప్పుట తక్కువ. చక్కగా చదువు పిల్ల హఠాత్తుగా బడి మానును. పెద్దవాడైన పిల్లవాడు మరల పక్క తడుపుట మొదలుపెట్టును. ఒక ఇంటివైపు పొమ్మనిన వణకును. మనము దానిని మొండితనమందుము, లేక దయ్యము పట్టినదందుము. ప్రార్థన చేయుట మంచిదే. అయితే ప్రార్థించిన నోటితోనే, 'అమ్మా, ఏమైనది?' అని మెల్లగా అడుగవలెను. హాగరు అరణ్యములో బిడ్డను పొద క్రింద విడిచి దూరముగా కూర్చుండి ఏడ్చెను. తల్లి ఏడ్చెనని వ్రాయబడియుండగా, దేవుడు ఆలకించినది చిన్నవాని మొరయని అక్కడ చదువుచున్నాము. పెద్దల ఏడ్పులో మునిగిపోయిన బిడ్డ స్వరమును దేవుడు వేరుపరచి వినెను. వినుటలో మనము ఆయనను పోలి నడుచుకొనవలెను.

2. ఇంటిలో ఏమి కలదని అడుగుట

ఎలీషా రెండవ ప్రశ్న వింతయైనది. అన్నియు పోగొట్టుకొనిన స్త్రీని, నీ ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఆమె మొదట ఏమియు లేదనెను. తరువాత కొంచెము నూనె మాత్రమున్నదనెను. ఆ కొంచెముతోనే దేవుడు పని ప్రారంభించెను.

కౌన్సిలరును ఇట్లే అడుగును. ఒక గ్రామములో ఒక కూలి మనిషి చనిపోయినాడనుకొందము. ఇద్దరు చిన్న పిల్లలు. 'ఈ పిల్లలను ఏదైన హోములో వేయుడి, తల్లి ఎక్కడనైన పని చూచుకొనును' అని బంధువులందరు అందురు. కౌన్సిలరు వచ్చి ఇంటిలో నున్నవాటిని లెక్కపెట్టును. అమ్మమ్మ కలదు, నడువలేకపోయినను ఇంటివద్ద పిల్లలను కనిపెట్టగలదు. రేషను కార్డు కలదు. తల్లికి డ్వాక్రా సంఘములో పొదుపు కలదు. బడి అర మైలు దూరములో నున్నది. మధ్యాహ్న భోజనము అక్కడ దొరకును. లేనివి ఏవి? భర్త మరణ ధ్రువపత్రము లేదు. అది లేక విధవరాలి పెన్షను రాదు. పిల్లవాని ఆధారులో పేరు తప్పుగా నున్నది. అనగా ఆ ఇంటికి కావలసినది రెండు కాగితములు, కొంత నెలసరి సహాయము. బిడ్డలను పంపివేయుట కాదు.

సమితి ఎదుటికి వచ్చిన బిడ్డను గూర్చి సోషలు వర్కరు ఇల్లు చూచి, విచారించి, 15 దినములలో వ్రాతమూలముగా నివేదిక ఇయ్యవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ నివేదిక చక్కగా వ్రాయబడుటమీద బిడ్డ బ్రదుకు ఆధారపడియుండును.

పేదరికముచేత బిడ్డ తల్లినుండి విడిపోకుండుటకు ప్రభుత్వము స్పాన్సర్‌షిప్ అను సహాయమును ఏర్పరచినది. మిషన్ వాత్సల్య అను పథకము క్రింద 2022లో వచ్చిన నిబంధనల ప్రకారము అర్హుడైన బిడ్డకు నెలకు 4,000 రూపాయలు నిర్ణయింపబడినవి. తండ్రిని పోగొట్టుకొని తల్లియొద్ద నున్నవారు, తలిదండ్రులు లేక బంధువులయొద్ద పెరుగువారు, తలిదండ్రులు ప్రాణాపాయమైన వ్యాధితో నున్నవారు మొదలగు బిడ్డలకు ఇది ఉద్దేశింపబడినది. పల్లెలలో కుటుంబ ఆదాయము సంవత్సరమునకు 72,000 రూపాయలకు మించకూడదు. దరఖాస్తును జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు ఇయ్యవలెను.

ఇది క్రొత్త సంగతివలె తోచును గాని, నిర్గమకాండము 2వ అధ్యాయము చూడుడి. ఫరో కుమార్తె బిడ్డను నీటిలోనుండి తీయించి, జీతమిచ్చి, పాలిచ్చి పెంచుటకు ఒక స్త్రీకి అప్పగించెను. ఆ స్త్రీ బిడ్డ కన్నతల్లియే. తన బిడ్డను తానే పెంచుకొనుటకు ఆ తల్లికి రాజుగారి ఇంటినుండి జీతము వచ్చినది!

హాస్టళ్లను గూర్చి, హోములను గూర్చి

ఇక్కడ ఒక మాట నిదానముగా చెప్పవలసియున్నది. మిషను బోర్డింగులలో చదివి పైకి వచ్చినవారు మన సంఘములలో అనేకులున్నారు. ఆ సేవను మనము కృతజ్ఞతతో తలంచుకొందుము. అయితే తల్లి బ్రదికియుండగా కేవలము బీదతనముచేత బిడ్డను అనాథ యని పేరు వ్రాయించి దూర ప్రాంతమునకు పంపుట ఆ సేవ కాదు. బిడ్డను సంస్థలో ఉంచుట అన్నిటికంటె చివరి మార్గముగా నుండవలెనని 2015 నాటి చట్టము నియమించుచున్నది. ఆదరణ లేని బిడ్డలను ఉంచుకొను ప్రతి సంస్థయు, అది ప్రభుత్వమువారిదైనను సంఘమువారిదైనను, ఆ చట్టము క్రింద రిజిస్టరు కావలెను. రిజిస్టరు కాకుండ నడుపువారికి సంవత్సరము వరకు జైలుగాని, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానాగాని, రెండునుగాని కలుగవచ్చును.

కావున ఎవరైన వచ్చి, 'మీ పిల్లలకు ఉచితముగా ఇంగ్లీషు చదువు చెప్పింతుము' అని చెప్పి రైలెక్కించి తీసికొనిపోదుమనినయెడల, వారు బైబిలు చేతబట్టుకొని వచ్చినను, రిజిస్ట్రేషను కాగితము చూపుమని అడుగుడి. సమితి ఉత్తరువు ఉన్నదా యని అడుగుడి. అడుగుట అవిశ్వాసము కాదు.

3. పొరుగువారి పాత్రలు

పొరుగువారియొద్దకు పోయి వట్టి పాత్రలు ఎరువు తెచ్చుకొనుమని ఎలీషా చెప్పెను. ఆ ఊరిలో ఎవరును ఆమెకు నూనె ఇచ్చినట్లు వ్రాయబడలేదు. వారిచ్చినది వట్టి పాత్రలే. అయినను ఆ పాత్రలు లేనియెడల నూనె నిలుచుటకు చోటే లేదు.

'మేము బీదలము, మేమేమి సహాయము చేయగలము?' అను సంఘమునకు ఇది జవాబు. మండల కార్యాలయమునకు ఒంటరిగా పోవుటకు భయపడు తల్లితోకూడ ఒక సహోదరి వెళ్లుట ఒక పాత్ర. దరఖాస్తు వ్రాసిపెట్టుట ఒక పాత్ర. తల్లి ఆసుపత్రిలోనుండగా పిల్లలకు మూడు దినములు అన్నము పెట్టుట ఒక పాత్ర. బడి మానిన పిల్లవానిని ప్రతి ఉదయము పిలుచుకొనిపోవుట ఒక పాత్ర. కౌన్సిలరు వారమునకొకసారియైనను రాలేడు. పొరుగువారు ప్రతి దినము అక్కడనే యుందురు. పొరుగువారు లేని కౌన్సిలరు పని సగమే. యాకోబు 1:27లో చెప్పబడిన పరామర్శ ఒక్కసారి వెళ్లి చూచివచ్చుట మాత్రము కాదు.

4. తలుపు మూయుట

లోపలికి పోయి తలుపు మూసికొనుమని ఎలీషా ఆమెకు చెప్పెను. దేవుడు ఆ ఇంటిలో చేయు కార్యము వీధికి వేడుక కాలేదు. కౌన్సిలరు వినిన సంగతి వీధికి రాకూడదు. కష్టములో పడిన బిడ్డ పేరునుగాని, బడినిగాని, ఛాయాచిత్రమునుగాని ప్రచురించుట 2015 చట్టము ప్రకారము నేరము. లైంగిక హింసకు గురియైన బిడ్డ విషయములో 2012 నాటి పోక్సో చట్టమును అట్లే నిషేధించుచున్నది.

సంఘములో మనకు ఒక చెడ్డ వాడుక కలదు. ఒక ఇంటి రహస్యము చెవిని పడగానే దానిని ప్రార్థన విన్నపముగా మార్చి కూడికలో అందరి ఎదుట చెప్పుదుము. పేరు చెప్పము గాని, గుర్తులన్నియు చెప్పుదుము. ఇప్పుడు అది సెల్‌ఫోను గుంపులలోనికి సహితము పోవుచున్నది. దేవునికి విన్నవించుటకు వీధి అంతయు వినవలసిన పనిలేదు.

అయితే ఈ తలుపును గూర్చి మరియొక సంగతి గట్టిగా చెప్పవలెను. ఆ దినమున తలుపు మూయబడినప్పుడు లోపల ఉన్నది ఎవరు? తల్లియు బిడ్డలును. అప్పులవాడు వెలుపలనే యుండెను. బలహీనుని కాపాడుటకు మూయబడిన తలుపు అది. బాధించువానిని దాచుటకు కాదు. బిడ్డమీద అత్యాచారము జరిగినప్పుడు, 'సంఘమునకు చెడ్డపేరు వచ్చును, పెద్దలలో సరిచేసికొందము' అని మూయు తలుపు వేరు. అది అప్పులవానిని లోపల ఉంచి, బిడ్డను వానితో కలిపి మూయుట.

పోక్సో చట్టము ప్రకారము 18 సంవత్సరములలోపు బిడ్డమీద అట్టి నేరము జరిగినదని ఎరిగినవారు ఎవరైనను పోలీసులకు తెలియజేయవలెను. పాస్టరుగారైనను, ఉపాధ్యాయుడైనను, సంఘ పెద్దయైనను మినహాయింపు లేదు. తెలియజేయకుండుట ఆరు నెలల వరకు జైలుకు తగిన నేరము. సంస్థను నడుపువాడు తన క్రిందివాని నేరమును దాచినయెడల సంవత్సరము వరకు. మంచి మనస్సుతో తెలియజేసినవానిమీద వ్యాజ్యెము రాదు. బిడ్డ వాఙ్మూలమును బిడ్డ ఇంటివద్దనో, బిడ్డ కోరినచోటనో, సాధ్యమైనంతవరకు స్త్రీ అధికారియే, పోలీసు దుస్తులు లేకుండ వ్రాసికొనవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. బిడ్డను రాత్రివేళ స్టేషనులో ఉంచరాదు. కాబట్టి 'పోలీసులయొద్దకు పోయినయెడల బిడ్డ ఇంకను బెదరును' అను సాకు చెల్లదు. ఇందుచేతనే మంచి కౌన్సిలరు బిడ్డతో, 'ఎవరికిని చెప్పను' అని ఎన్నడును ప్రమాణము చేయడు. 'నిన్ను కాపాడుటకు ఎవరికి చెప్పవలెనో వారికి మాత్రమే చెప్పుదును' అనును.

5. నూనె పోసినది తల్లియే

తలుపు మూయబడినప్పుడు ఎలీషా లోపల లేడు. బిడ్డలు పాత్రలు తెచ్చి ఇచ్చుచుండిరి, తల్లి పోయుచుండెను. ప్రవక్త తన చేతితో ఒక్క పాత్రనైనను నింపలేదు. కౌన్సిలరు కుటుంబము చేయవలసిన పనిని కుటుంబముచేతనే చేయించును. బిడ్డలను సహితము అడుగును: 'నీవు ఎవరితో నుండగోరుచున్నావు? ఏ బడికి పోగోరుచున్నావు?' బిడ్డ అభిప్రాయమును వినవలెనని చట్టము కూడ చెప్పుచున్నది.

తండ్రి త్రాగుడు అలవాటైనవాడైతే కౌన్సిలరు అతనిని తిట్టుటకు పోడు. త్రాగుడు మానునప్పుడు కొందరికి శరీరము వణకి ప్రాణాపాయము కలుగును గనుక వైద్యుని సహాయముతో మానుమని చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రికి పోవు దారి చూపును. మనోవేదనలో నున్నవారు టెలిమానస్ సేవకు 14416 అను నంబరుకు మాటలాడవచ్చును. ఇది 2022లో ప్రారంభమైనది.

అయితే భర్త కొట్టుచున్న ఇంటిలో, 'ఓర్చుకొనుము, సర్దుకొనుము' అని భార్యను తిరిగి పంపుట సమాధానము చేయుట కాదు. మొదట తల్లియు బిడ్డలును క్షేమముగా నుండవలెను. సమాధానపు మాట తరువాత. 2005 నాటి గృహహింస చట్టము ప్రకారము భార్యను ఆమె కాపురమున్న ఇంటినుండి చట్టవిరుద్ధముగా వెళ్లగొట్టరాదు. రక్షణాధికారి ఆమె పక్షముగా మేజిస్ట్రేటుకు నివేదించును. 181 అను నంబరు స్త్రీల సహాయమునకున్నది. జిల్లా కేంద్రములలో సఖి కేంద్రములున్నవి. అక్కడ కౌన్సిలింగు, వైద్యము, న్యాయ సహాయము, కొద్ది దినముల బస ఒక్కచోట దొరకును.

6. అప్పు తీర్చి, మిగిలినదానితో బ్రదుకుట

పాత్రలన్నియు నిండిన తరువాత ఆమె దైవజనునియొద్దకు తిరిగి వచ్చి తెలియజేసెను. నూనె అమ్మి అప్పు తీర్చుమనియు, మిగిలినదానితో తానును బిడ్డలును బ్రదుకవలెననియు అతడు చెప్పెను. అద్భుతము జరిగిన దినముతోనే అతడు పని ముగింపలేదు. మరుసటి దినపు బ్రదుకును గూర్చియు చెప్పెను. కౌన్సిలరు కూడ బిడ్డ ఇల్లు చేరిన తరువాత మరల వచ్చి చూచును. బడికి పోవుచున్నాడా? తల్లికి సహాయము అందుచున్నదా? భయము తగ్గినదా?

అప్పును ఎగవేయుమని ఎలీషా చెప్పలేదు; బిడ్డలతో మాత్రము అది తీర్చబడకూడదు. మన ప్రాంతములో ఇది పాత కథ కాదు. 1990 తరువాతి సంవత్సరములలో కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల పత్తి విత్తనపు చేలలో పూలు కలుపు పనికి, తలిదండ్రులకు ముందుగా అడ్వాన్సు ఇచ్చి, చిన్న ఆడపిల్లలను పెట్టుకొనుచుండిరి. వెట్టిచాకిరి 1976 నాటి చట్టముచేత రద్దయినది. 14 సంవత్సరములలోపు బిడ్డను కూలిపనిలో పెట్టుకొనుటను 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము నిషేధించుచున్నది. 18 నిండనివారిని అపాయకరమైన పనులలో పెట్టరాదు. తండ్రి తీసికొనిన అడ్వాన్సుకు బిడ్డ పూచీ కాదు.

వివాహమును గూర్చి, దత్తతను గూర్చి

ఆడపిల్లకు పెండ్లి చేసినయెడల బరువు దిగునని కొందరు తలంచుదురు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము ఆడపిల్లకు 18, మగవానికి 21 సంవత్సరములు నిండవలెను. అట్టి వివాహము జరిపించినవానికి, అనగా ఆశీర్వదించిన పాస్టరుగారికి సహితము, రెండు సంవత్సరముల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జరిమానాయు కలుగవచ్చును. కాపరులు వయస్సు ధ్రువపత్రము చూడక వివాహ ప్రకటన చదువకుందురు గాక.

బిడ్డలు లేని దంపతులకు మరియొక సంగతి. పూర్వము క్రైస్తవులకు దత్తత చట్టము లేదు. 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులుగా మాత్రమే నియమింపబడుచుండిరి. 2000 నాటి బాలల న్యాయ చట్టమును, దాని 2006 సవరణయు ఏ మతమువారికైనను దత్తతకు దారి తెరచినవి. 2014లో సుప్రీంకోర్టు ఆ హక్కును స్థిరపరచెను. గనుక ఆసుపత్రిలోనో, బీదరాలి యింటనో స్టాంపు కాగితము వ్రాయించుకొని బిడ్డను తెచ్చుకొనవలసిన అవసరము లేదు. అట్లు చేయుట మూడు సంవత్సరముల వరకు జైలుకు తగిన నేరము. బిడ్డను పెంచలేనని సమితికి అప్పగించు తల్లికి సహితము మొదట కౌన్సిలింగు చేసి, అప్పగించిన తరువాత మరల ఆలోచించుకొనుటకు రెండు నెలల గడువు ఇయ్యవలెనని చట్టము నిర్ణయించినది.

ఈ నెలలో చేయదగిన పనులు

1098 అను నంబరును గుడి గోడమీదను, సండేస్కూలు గదిలోను పెద్ద అక్షరములతో వ్రాయుడి. ఆ పిలుపునకు ఖర్చు లేదు. రాత్రియు పగలును పలుకుదురు. ఒంటరిగా దొరికిన బిడ్డను చూచినయెడల ఇంటిలో ఉంచుకొనక ఆ నంబరుకు తెలియజేయుడి. ప్రయాణకాలము పోగా 24 గంటలలోపల బిడ్డను సమితి ఎదుటికి తేవలెను. సంఘములో విధవరాండ్ర బిడ్డలు, అవ్వతాతలయొద్ద పెరుగు బిడ్డలు ఎందరో స్త్రీల సమాజమువారు లెక్క వ్రాసి, స్పాన్సర్‌షిప్‌నకు అర్హులైనవారి కాగితములు సిద్ధపరచుదురు గాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ఎలీషా అడిగిన రెండు ప్రశ్నలేవి? మన పెద్దల కూటములలో వాటిలో దేనిని మరచిపోవుచున్నాము?
2. మన సంఘమునుండి ఈ సంవత్సరము ఏ బిడ్డలు హోములకు పంపబడిరి? వారు ఇంటనే యుండుటకు ఏమి కావలసియుండెను?
3. రహస్యము కాపాడుటకును, నేరము దాచుటకును భేదమేమి?
4. మన ఇంటిలో నున్న వట్టి పాత్ర ఏది?

ప్రార్థన

తండ్రీ, పొద క్రింద మూలిగిన చిన్నవాని స్వరము వినిన దేవా, మా పేటలోని బిడ్డల స్వరమును వినుటకు మాకు చెవులిమ్ము. వారిమధ్య పనిచేయు కౌన్సిలర్లకు ఓర్పును జ్ఞానమును దయచేయుము. మా వట్టి పాత్రలను పొరుగువారికి ఇచ్చుటకు మాకు సిగ్గులేకుండ చేయుము. ఏ తల్లియు అప్పుచేతనైనను ఆకలిచేతనైనను తన బిడ్డను పోగొట్టుకొనకుండునట్లు మమ్మును మెలకువగా నుంచుము. ఆమేన్.